డెబ్బై ఏళ్ల సీసా

మామగారి డెబ్బయ్యో పుట్టినరోజుకి ఆయన పుట్టిన ఏటి పోర్టు వైను సీసా కానుకగా ఇవ్వాలని చిన్నల్లుడు నిశ్చయించుకున్నాడు. అలాంటిది తనకు దొరికేలా లేదని తేలాక, తనే తయారు చేయాలని నిశ్చయించుకున్నాడు.

మామూలు వైను అన్నేళ్లుంటే పులిసి పాడైపోతుంది. పోర్టులో ముందే బ్రాందీ కలిపి బలం ఎక్కిస్తారు కాబట్టి, చేసినవాళ్లు పోయినా అది ఉంటుంది. డబ్బున్నవాళ్లు పెద్ద పుట్టినరోజులకి దాన్ని కొని అద్దాల బీరువాలో పెట్టుకుంటారు. తాగితే అది తియ్యటి సారా, దాచుకుంటే హోదా.

మామగారిది సరిగ్గా ఆ వ్యాపారమే. పాత వైన్ల కొట్టు. తోటి వ్యాపారులు ఆయన్ని ‘నిఖార్సు’ అని పిలుస్తారు. గల్లాపెట్టె మీద ‘పైవాడు చూస్తున్నాడు’ అని రాయించుకున్న మనిషి. కొడుకులు లేరు. ఇద్దరల్లుళ్లలో తన కుర్చీలో ఎవరు కూర్చోవాలో పుట్టినరోజు నాడు తేలుస్తానని కబురు పెట్టారు.

చిన్నల్లుడి ప్రెస్సు మూతపడింది. ఆ కుర్చీ దక్కకపోతే తోడల్లుడి ముందు చేతులు కట్టుకుని నిలబడాలి. ఆ పెద్దల్లుడు లెక్కల మాస్టారు. ఎవరైనా చిల్లర ఎక్కువ ఇస్తే వెనక్కి నడిచి వెళ్లి ఇచ్చొచ్చే రకం. ఆ మంచితనమే చిన్నల్లుడికి అరగదు.

“బావ అసలు సీసానే సంపాదించాడట. వేలంలో పాడుకున్నాడట. దానికోసం కారు అమ్ముకున్నాడని అక్క ఏడుస్తోంది,” అంది భార్య.

“అమ్ముకోనీ. మనకి అమ్ముకోడానికి కారు లేదు గానీ, చేతిలో విద్య ఉంది.”

“ఆ విద్యతోటేగా ప్రెస్సు ముంచారు!”

“నీతిగా అచ్చేసినన్నాళ్లూ మునిగిందే. ఇప్పుడు చూడు.”

“నాన్న ఒక్క చుక్క నాలిక మీద వేసుకుంటే ఏ ఏటిదో చెప్పేస్తాడండీ. పట్టుబడితే నేను మళ్లీ పుట్టింటి గుమ్మం ఎలా తొక్కను?”

“అంత పాతది ఎవరైనా తెరుస్తారటే, పిచ్చిదానా? తెరిస్తే దాని విలువ పోదూ!”

దేవుడికి దణ్ణం పెట్టుకుని మరీ పనిలో కూర్చున్నాడు. అలాంటి దణ్ణాలు పైదాకా వెళతాయో, మధ్యలో ఎక్కడైనా ఆగిపోతాయో మనకి తెలియదు.

చవక రకం పోర్టు కొన్నాడు. పాత సీసా ఒకటి తుక్కు కొట్టులో ఏరుకొచ్చాడు. చివికిన పుస్తకం నుంచి రాతలేని కాగితం చించి, ప్రెస్సులో మూలపడ్డ సీసపు అచ్చు అక్షరాలు పేర్చి లేబులు కొట్టి, టీ డికాక్షన్‌లో ముంచి ఆరేశాడు. కొంత వైను చిక్కగా మరగబెట్టి సీసా లోపల ఒక పక్కకి పట్టించి, ఏళ్లనాటి మడ్డిలా ఎండనిచ్చాడు. సీసా బయట, మడ్డి ఉన్న వైపే, సున్నంతో తెల్లటి మచ్చ పెట్టాడు. పాత పోర్టు సీసాలకి ఆ మచ్చ ఉంటుంది. మామగారి కొట్లో ఎన్నిసార్లు చూడలేదు! చివరగా అటక మీది దుమ్ము చల్లాడు. ఆ ఇంట్లో కల్తీ లేనిది అదొక్కటే.

విందులో అల్లుళ్లిద్దరి సీసాలూ బల్ల మీద పక్కపక్కన నిలబెట్టారు. చుట్టాలు చప్పట్లు కొట్టారు. రెండిట్లోనూ చిన్నల్లుడిదే ఎక్కువ పాతగా కనిపించింది. పెద్దల్లుడి సీసాని మామగారు ఒకసారి దీపానికి ఎత్తి చూసి, భుజం తట్టి, “చాలా శ్రమపడ్డారు” అన్నారు. చిన్నల్లుడి సీసాని మాత్రం తిప్పి తిప్పి చూశారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు.

“చిన్నల్లుడుగారూ, ఇలా లోపలికి రండి.”

భార్య మొహం పాలిపోయింది. చిన్నల్లుడు లేచి ఆయన వెనకే వెళ్లాడు.

గదిలో మామగారు సీసాని అడ్డంగా పట్టుకున్నారు.

“ఈ సున్నం మచ్చ ఎందుకో తెలుసా?”

“పాతదని గుర్తు కదండీ?”

“కాదు. నాకూ ఆలస్యంగానే తెలిసిందిలే. సీసాని ఏళ్ల తరబడి పడుకోబెడతారు. కదిపినా మళ్లీ అలాగే పడుకోబెట్టాలి కాబట్టి, పైకి ఉన్న వైపు మచ్చ వేస్తారు. మడ్డి కింది వైపు చేరుతుంది. నీ సీసాలో మడ్డీ, మచ్చా ఒకే వైపున్నాయి. మరి ఇన్నేళ్లూ నీ మడ్డి కిందికి దిగకుండా గాల్లో వేలాడిందా?”

చిన్నల్లుడు ఆయన కాళ్ల మీద పడ్డాడు. “క్షమించండి మామయ్యగారూ. నాకు తెలియదు.”

“తెలియకపోతే మచ్చ అక్కడే ఎందుకు పెట్టావు? ఎవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదండీ. మీ కొట్లో సీసాలు చూసి, ఉన్నదున్నట్టు దించాను. ఒట్టు.”

మామగారు వెళ్లి తలుపు గడియ పెట్టారు. బయట పెద్దల్లుడు పిల్లలకి కేకు పంచుతున్న సందడి వినిపిస్తోంది. ఆయన జేబులోంచి కొట్టు తాళాల గుత్తి తీసి చిన్నల్లుడి చేతిలో పెట్టారు.

చిన్నల్లుడు తాళాల వంకా, ఆయన వంకా చూశాడు.

“ఇవి నాకెందుకండీ? అసలుది తెచ్చింది అన్నయ్యగారు కదా!”

“అందుకే కదయ్యా ఆయనకి ఇవ్వనిది! అసలు సీసా ఎలా ఉంటుందో చూసినవాడు ఆ కొట్లో అడుగుపెడితే, మొదట పట్టుకునేది నన్నే.”