గొర్రె పట్టేంత గేటు

ఐలేశం కొట్టిన మొదటి దెబ్బకే, బైకు మీదొచ్చిన మేస్త్రి బాలస్వామి పెదవి చిట్లింది.

"గేటు వెడల్పు చెయ్యమని మూడు నెలల సంది మొత్తుకుంటున్న. రేపొస్త, ఎల్లుండొస్త అంటివి. ఇయ్యాల యాదికొచ్చిందారా?"

"అన్నా, జర ఆగే! వేరేకాడ స్లాబు పనుండె..." అంటుండగానే రెండో దెబ్బ పడింది. బాలస్వామి బైకుతో సహా మట్టిలో పడ్డాడు. ప్రహరీ గోడ వెనక మగవాళ్ల తలలు కనిపిస్తున్నాయి. ఒక్కరూ అడ్డం రాలేదు.

ఐలేశం గడ్డపార ఎత్తాడు. బాలస్వామి తలకు చేతులు అడ్డం పెట్టుకున్నాడు. గడ్డపార అతని మీదుగా పోయి గేటు దిమ్మెకు తగిలింది. ఇటుకలు రాలాయి. ఐలేశం పిచ్చిపట్టినట్టు కొడుతూనే ఉన్నాడు. ఇనుప గేటు ఊడి బజార్లో పడింది.

"ఇరుకు జేసింది నేనా అన్నా?" బాలస్వామి ఏడుస్తూ అరిచాడు. "గొర్రెలు ఒక్కొక్కటే పోతే లెక్క తప్పదని నువ్వే గదా గట్ల కట్టిచ్చింది! వెడల్పు పెట్టమని వదినె అప్పుడే చెప్పె. ఇన్నవా?"

ఐలేశం చేతులు ఆగిపోయాయి.

"ఇనలే," అన్నాడు.

కూలిన దిమ్మె మీదుగా బాలస్వామికి అప్పుడు వాకిలి కనిపించింది. పాడె మీద పసుపు రాసిన వదినె ముఖం. మోసే నలుగురు ఇద్దరిద్దరుగా బయటికి నడవడానికి దారి చాలక నిలబడిపోయారు.

బాలస్వామి నెత్తురు తుడుచుకుని లేచాడు. ఐలేశం చేతిలోంచి గడ్డపార తీసుకున్నాడు. వదినె అడిగినంత వెడల్పు వచ్చేదాకా రెండో దిమ్మెను కొట్టాడు.