ఆరని గోడ

"ఇది గోడమ్మా, తడి చొక్కా కాదు. వేడి పెట్టి ఆరబెడదామంటే కుదరదు" అన్నాడు పెయింటర్, నిచ్చెన దిగుతూ.

ఆమె వినిపించుకోలేదు. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్ తెచ్చి గోడకు గురిపెట్టింది. హాల్లో మూడు గోడలు ఎలాగో ఆరాయి. సోఫా వెనక గోడ మాత్రం ఇంకా తళతళలాడుతూనే ఉంది. నాలుగింటికి హాస్టల్ వార్డెన్ ఒక అమ్మాయిని తీసుకొస్తుంది. రేపు రావాల్సినవాళ్లు ఇవాళే వస్తున్నామని పొద్దున్నే ఫోన్ చేశారు. అప్పటినుంచీ ఆమె కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది.

పదిహేనేళ్ల కిందట, మూడేళ్లప్పుడు తప్పిపోయింది వాళ్ల కూతురు పిచ్చుక. బస్టాండులో చిల్లర తియ్యడానికి ఆమె ఒక్క క్షణం పిల్ల చెయ్యి వదిలింది, అంతే. ఆ తర్వాత వాళ్లు తిరగని వీధి లేదు, తొక్కని గడప లేదు. ఇంట్లో పిచ్చుక మాటెత్తితే చాలు, భర్త లేచి పెరట్లోకి వెళ్లిపోయేవాడు.

పోయిన వారం టీవీలో ఒక అమ్మాయి కనిపించింది. అనాథ పిల్లల హాస్టల్లో పెరిగిందట. పద్దెనిమిది నిండాయి కాబట్టి ఇక అక్కడ ఉండనివ్వరట. "అమ్మానాన్నల ముఖాలు గుర్తులేవు. మా హాలు ఒక్కటే గుర్తుంది. గోడలు కాఫీపొడి రంగు, కర్టెన్లు నెమలికంఠం రంగు" అంది. రక్తపరీక్షలూ అవీ వద్దంది. ఇల్లు చూస్తే తనకే తెలిసిపోతుందంది. ఇప్పటికే రెండిళ్లకు వెళ్లి, గుమ్మంలోంచి తొంగిచూసి, ఇది కాదంటూ వెనక్కి తిరిగిందని, వీళ్లు హాస్టల్‌కు ఫోన్ చేసినప్పుడు వార్డెన్ చెప్పింది.

ఇక్కడా అలాగే వెనక్కి తిరిగితే?

"రంగు ముదురైందంటారా?" అన్నాడు పెయింటర్. "పాత రంగు పెచ్చు ఎక్కడైనా మిగిలుంటే చూసి కలిపేవాణ్ణి."

"ఇన్నేళ్లలో ఎన్ని రంగులు మార్చామో! ఏం మిగులుతుంది?" అంటూ ఆమె ఫోన్లో ఆ వీడియో మళ్లీ పెట్టింది. పిల్ల కాఫీపొడి అందే కానీ ముదురో లేతో చెప్పలేదు. కాఫీపొడిలో మాత్రం ఒకటా, రెండా?

"మీరైనా చెప్పండి" అని భర్త వైపు తిరిగింది.

ఆయన స్టూలెక్కి కర్టెన్ రాడ్డు బిగిస్తున్నాడు. నోట్లో రెండు స్క్రూలున్నాయి. అవి లేకపోయినా మాట్లాడే మనిషి కాదు. "నన్నడక్కు" అన్నాడు పళ్ల మధ్యనుంచే.

"ఇంకెవర్నడగను? పిల్ల గుమ్మంలోంచే వెళ్లిపోతే నేనిక బతకనండీ."

అది బెదిరింపు కాదని ఆయనకు తెలుసు. స్క్రూలు చేతిలోకి తీసుకుని, గోడ వైపు చూడకుండానే, "ఇదే రంగు. ఇదే ఉంచు" అన్నాడు.

కర్టెన్లది ఇంకో రామాయణం. దుకాణాలన్నీ కాళ్లరిగేలా తిరిగితే ఒకచోట నీలం ఎక్కువైంది, ఒకచోట పచ్చదనం ఎక్కువైంది. చివరికి ఓ బట్టల దుకాణంలో, ట్రయల్ రూముకు వేలాడుతున్న పరదాలు కళ్లబడ్డాయి. అవి అమ్మేవి కావు మొర్రో అంటున్నా వినకుండా, యజమాని కాళ్లావేళ్లా పడి ఊడదీయించుకొచ్చింది. లోపల బట్టలు మార్చుకుంటున్నావిడ వేసిన కేక వీధి చివరిదాకా వినిపించింది.

పక్కింటావిడ కిటికీలోంచి తల పెట్టి, "ఇదేం రంగు వదినా, పట్టపగలే చీకటి పడినట్టుంది!" అంది. పెయింట్ వాసన పీల్చుకుంటాయని ఎవరో చెప్తే ఆమె ఉల్లిపాయలు కోసి మూలల్లో పెడుతోంది. ఆ కళ్లలో నీళ్లు ఉల్లిపాయలవి మాత్రమే కావు.

నాలుగు కాకుండానే బెల్ మోగింది. పెయింటర్ డబ్బాలు ఎత్తుకుని పెరటి దారిన జారుకున్నాడు.

ముందు వార్డెన్, వెనక అమ్మాయి. బక్కగా, పొడుగ్గా ఉంది. భుజానికి ఒకే ఒక్క సంచీ. గుమ్మంలో ఆగి కర్టెన్లు చూసింది, గోడలు చూసింది.

"ఏమ్మా, గుర్తొస్తోందా?" అంది వార్డెన్.

అమ్మాయి మెల్లగా లోపలికొచ్చి కర్టెన్ అంచు పట్టుకుని చూసింది. గోడను చేత్తో తడుముకుంటూ నడిచింది. ఒక గోడ అయింది, రెండో గోడ అయింది, మూడోదీ అయింది. సోఫా వెనక్కి మళ్లుతుంటే ఆమె ఒక అడుగు ముందుకేసింది. అటు వద్దమ్మా అనేలోగానే ఆలస్యమైపోయింది.

అమ్మాయి నాలుగో గోడకు అరచెయ్యి ఆనించింది. తీసి చూసుకుంది. వేళ్లనిండా కాఫీపొడి రంగు.

భర్త తల దించుకున్నాడు. ఆమె చేతులు రెండూ వాటంతటవే జోడించుకున్నాయి. అయిపోయింది. దొరికిన చెయ్యి మళ్లీ జారిపోతోంది.

అమ్మాయి ఆమెను చూసింది, ఆ జోడించిన చేతుల్ని చూసింది. పిడికిలి బిగించి వీపు వెనక దాచుకుంది. వార్డెన్ వైపు తిరిగి, "ఇదే మేడమ్ మా ఇల్లు" అంది.

వార్డెన్ కళ్లొత్తుకుంటూ, హాస్టల్‌కు కబురు చెప్పడానికి ఫోన్ పట్టుకుని బయటికి నడిచింది.

ఆమె పరుగున వెళ్లి పిల్లను వాటేసుకుంది. ఏడుపు ఆగడంలేదు. పిల్ల రంగంటిన వేళ్లతోనే ఆమె వీపు నిమురుతూ, చెవి దగ్గరగా వంగింది.

"నాకు ఏ ఇల్లూ గుర్తులేదమ్మా... నా కోసం గోడలకు రంగు మార్చుకునేవాళ్లు ఎవరైనా ఉంటారేమోనని, ఆ రంగులు నేనే కల్పించి చెప్పాను."