ఉప్పెన ఫోటోల గది

అవనిగడ్డ దాటాక రోడ్డు పక్కన చిన్న మ్యూజియం. దివిసీమ ఉప్పెనలో పోయినవాళ్ల ఫోటోలు అందులో పెట్టారు.

ఫోటోల ముందు దీపం కనిపించేసరికి, గుడివాడ నుంచి వచ్చిన బుచ్చిరాజు, రమ్య గుడికి వచ్చినట్టే బయట చెప్పులు విడిచారు.

గుమ్మం పక్కన అరుగు మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు.

"పెద్దాయనా, చెప్పులు చూస్తూ ఉండు," అన్నాడు బుచ్చిరాజు.

ఆయన సరేనన్నట్టు తలూపి, రమ్యను అడిగాడు.

"మీ అమ్మగారిది ఏ ఊరమ్మా?"

రమ్య చెప్పబోయింది.

"ఊళ్ల సంగతి నీకెందుకయ్యా? చెప్పులు చూడు చాలు," అన్నాడు బుచ్చిరాజు. భార్య వైపు తిరిగి, "మాట కలిపితే వదలరు వీళ్లు," అన్నాడు, ఆయనకు వినబడేలాగే.

రమ్య భర్త వెనకే లోపలికి నడిచింది.

ఉప్పెన నాటికి రమ్య తల్లికి ఆరేళ్లు. ముక్కూ మొహం తెలియని మనిషెవరో ఆమెను వల తాడుతో తాటిచెట్టుకు కట్టేసి వెళ్లాడు. తాడు తెగలేదు. పిల్ల బతికింది.

"ఆయనెవరో కనుక్కోవే. నా బదులు దణ్ణం పెట్టు," అంది తల్లి, నిరుడు పోయేముందు.

గదంతా వెతికింది రమ్య. పోయినవాళ్ల పేర్లున్నాయి. కాపాడినవాళ్ల పేరు ఒక్కటీ లేదు.

బయటికి వచ్చేసరికి అరుగు ఖాళీ. చెప్పులు మాత్రం ఎవరో ఎండలోంచి నీడలోకి జరిపారు.

"చూశావా, వదిలేసి పోయాడు," అన్నాడు బుచ్చిరాజు.

మ్యూజియం చూసుకునే బెంజమిన్ బస్టాపు వైపు నుంచి వస్తున్నాడు. రమ్య ఆయనకు తల్లి కథంతా చెప్పింది.

"పాలకాయతిప్పలోనండీ. ఆయన గురించి మీకేమన్నా తెలుసా?"

బెంజమిన్ ఆమెకు దగ్గరగా వచ్చాడు.

"అయితే ఆ పాప బతికిందా అమ్మా?"

రమ్య తలూపింది.

"ఈ అరుగు మీద కూర్చుని ఆ పాప కోసం అందర్నీ అడిగే ఆయన్ని ఇప్పుడే బస్సెక్కించి వస్తున్నాను. మత్తయి అని పేరు తప్ప ఊరూ ఫోనూ ఏమీ చెప్పలేదెప్పుడూ. 'అడిగితే జనానికి విసుగొస్తోంది బెంజమినూ, ఇక రానులే' అన్నారు."

బుచ్చిరాజు నీడలో ఉన్న చెప్పుల వైపు చూశాడు.

"చేపల వేటకని పిల్లలతో వచ్చారంటమ్మా. ఉన్న ఒక్క తాడూ ఎవరి పిల్లకో కట్టి, తన పిల్లల కోసం పరిగెత్తేసరికి పాక లేదంట."