అవతలి స్కోరు

"మళ్ళీ చెప్తున్నా అక్కా. లిల్‌విక్ వాళ్ళు వెనకబడ్డారని తెలియగానే మైకులో చెప్పెయ్. మావాళ్ళు గోలు కాచుకుని కూర్చుంటారు. మనకి డ్రా చాలు."

కోచ్ ఆర్విడ్ మైకు గది గుమ్మం దాటి లోపలికి కూడా రాలేదు. గున్‌వోర్ ఫ్లాస్కు మూత తిప్పుతూ అంది:

"చాలు అనే మాట మానవు కదరా నువ్వు."

ఆర్విడ్ ముఖం మాడిపోయింది. రెండో డివిజన్‌లో ఆడే హోల్మ్‌ఫోర్స్ లాంటి చిన్న జట్టు వేసవిలో దేశపు కప్పు గెలిచి యూరప్ పోటీకి వెళ్ళడమే ఒక వింత. సెప్టెంబరులో పోర్చుగల్ జట్టును ఇదే మైదానంలో రెండు-సున్నాతో ఓడించారు. తిరుగు మ్యాచ్‌లో సగం ఆట దాకా ఎవరికీ గోలు లేదు. "ఇలా కాచుకుంటే చాలు" అన్నాడు ఆర్విడ్. ఆ తర్వాత నాలుగు గోల్స్ తిని ఇంటిముఖం పట్టారు. ఆ దెబ్బకి లీగ్ మ్యాచ్‌లు కూడా వరసగా చేజారాయి.

ఇవాళ ఆఖరి ఆట. గెలిస్తే రెండో డివిజన్‌లో ఉంటారు. ఓడితే కిందికి పోతారు. డ్రా అయితే మాత్రం, ఇదే సమయానికి తన ఊళ్ళో ఆడుతున్న లిల్‌విక్ గెలవకూడదు. కిందికి పోతే మంచి ఆటగాళ్ళంతా తలో దారి చూసుకుంటారు. ఇక జట్టన్నది మిగలదు.

"గాలి చూశావా? ఎత్తు బంతులు వద్దని చెప్పు," అంది గున్‌వోర్. "పొద్దున ఆ బిర్చ్ చెట్టు కొమ్మే విరిగి ఈ గది వెనక పడింది."

"అదంతా నేను చూసుకుంటాలే. నువ్వు స్కోరు సంగతి చూడు."

రేడియో రెండో డివిజన్ ముఖం చూడదు. లిల్‌విక్ స్కోరు ఊరికి తెలియాలంటే ఈ గదిలోని ఫోనులో కనుక్కుని గున్‌వోరే చదవాలి. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా చదువుతోంది. ఆమె నోట తప్పు అంకె ఎవరూ వినలేదు.

సగం ఆటకి సున్నా-సున్నా. గున్‌వోర్ ఫోను రిసీవర్ చెవికి ఆనించుకుంది. కిటికీలోంచి మైదానం వైపు చూసింది. తర్వాత కాగితం మీద పెన్సిలుతో ఒక అంకె వేసింది.

"లిల్‌విక్ ఒకటి, ప్రత్యర్థి సున్నా," అంది మైకులో.

మైదానమంతా ఉసూరుమంది. ఆర్విడ్ రెండేసి మెట్లు ఎక్కుతూ వచ్చాడు.

"నిజమేనా?"

"ఎప్పుడైనా తప్పు చదివానా?"

"లేదనుకో. కానీ అందరినీ ముందుకి తోస్తే వెనక గోలు గాలికి వదిలేసినట్టే కదక్కా! ఒక్క బంతి దాటిందా, మన పని అయిపోయినట్టే."

"అయితే నా ముఖం చూస్తూ నిలబడతావేం? పో!"

రెండో సగంలో హోల్మ్‌ఫోర్స్ వాళ్ళు ప్రాణాలకి తెగించి ఆడారు. డెబ్బయ్యో నిమిషంలో ఆర్విడ్ భయపడ్డదే జరిగింది. ఎదుటివాళ్ళ కుర్రాడొకడు ఖాళీగా పడి ఉన్న సగం మైదానం దాటి కొట్టిన బంతి గోలు స్తంభానికి తగిలి బయటికి పోయింది. గున్‌వోర్ కళ్ళు మూసుకుంది. అది లోపలికి పోయి ఉంటే తను మళ్ళీ ఈ గది మెట్లెక్కేది కాదు.

కింద నుంచి ఆర్విడ్ చేతులు ఊపుతున్నాడు. అవతల ఇంకా అంతేనా అని అడుగుతున్నాడు. వెనక్కి తగ్గుదామా అని అతని ముఖమే చెబుతోంది. గున్‌వోర్ రిసీవర్ ఎత్తింది, పెట్టేసింది. అవతల రెండో గోలు కూడా పడిందన్నట్టు కిటికీలోంచి రెండు వేళ్ళు చూపించింది. ఆర్విడ్ నెత్తి కొట్టుకుని, ఉన్న ఒక్క డిఫెండర్నీ ముందుకి తరిమాడు.

ఎనభై ఏడో నిమిషంలో ఆ డిఫెండరే తలతో గోలు కొట్టాడు.

విజిల్ మోగేసరికి జనం మైదానంలోకి దూకారు. ఆర్విడ్ ఏడుస్తూ పైకొచ్చి గున్‌వోర్‌ని గట్టిగా వాటేసుకున్నాడు.

"నువ్వా స్కోరు చెప్పకపోతే డ్రాకే కూర్చుందుం. ఉండు, ఇంట్లో చెప్పాలి."

రిసీవర్ ఎత్తాడు. విన్నాడు. మీట టకటకా నొక్కి మళ్ళీ విన్నాడు. తిరిగి ఆమె వంక చూశాడు.

గున్‌వోర్ అతని చేతికి కాఫీ కప్పు అందించింది.

"పొద్దున కొమ్మ పడ్డప్పుడే తీగ తెగిపోయిందిరా."