శనివారం మూడు గంటలు

మోకాలు గీరుకుపోయిన ఆరేళ్ల పిల్ల ఏడుస్తూ లోపలికి వచ్చి, పిన్ని ముందు నుంచే పరుగెత్తి, ఆ శనివారం తన వేళకు ముందే వచ్చి కూర్చున్న పెద్దావిడ ఒళ్లో వాలింది.

కుట్టుమిషను చక్రం మీద పిన్ని చెయ్యి ఆగిపోయింది.

“ఇలా రావే, నేను కడుగుతాను.”

“వద్దు. అమ్మమ్మ కడుగుతుంది.”

పది వారాల పరిచయానికే అమ్మమ్మ! అక్కాబావా పోయినప్పటి నుంచి రెండేళ్లుగా ఈ పిల్ల కోసం రెక్కలు ముక్కలు చేసుకుంటున్నది ఎవరు?

ఆవిడను పంపింది చర్చి. తల్లిదండ్రులు లేని పిల్లలున్న ఇళ్లకు ఆ చర్చివాళ్లు సరుకులతో పాటు వారానికోసారి ఒక మనిషిని కూడా పంపుతారు. శనివారం రెండు నుంచి ఐదు దాకా పిల్ల బాధ్యత ఆ మనిషిది. పెంచుతున్నవాళ్లు తలుపు వేసుకుని పడుకోవాలి. నియమం అంతే.

మొదటి రోజు పిన్ని ఎగతాళి చేసింది.

“ప్రార్థనతో పనులు జరిగేటట్లయితే, నా మిషను తనంతట తానే కుట్టేదండీ.”

“నాకు ప్రార్థన రాదు తల్లీ. అంట్లు తోమడం వచ్చు. నువ్వెళ్లి పడుకో.”

ఆ జవాబు పిన్నికి నచ్చింది. నచ్చనిది, తలుపు వేసుకున్నాక వినిపించిన నవ్వు.

తన దగ్గర ‘ఊ’, ‘ఊహు’ తప్ప పలకని పిల్ల, పగలబడి నవ్వుతోంది.

అది మొదలు ఏ శనివారమూ ఆమె మంచం ఎక్కలేదు. తలుపు చాటునే నిలబడింది. నిద్ర కోసం దొరికిన మూడు గంటలూ నవ్వులు లెక్కపెట్టుకోవడానికే సరిపోయాయి.

“ఏం చెప్పిందే, అంతలా నవ్వావు?”

“ఏం లేదు.”

“ఏం లేకుండానే ఇకిలించావా?”

పిల్ల మొహం మళ్లీ ముడుచుకుపోయేది.

మోకాలి సంగతితో పిన్నికి ఓర్పు నశించింది. సోమవారం పొద్దున్నే చర్చికి వెళ్లింది.

“ఆవిణ్ణి ఇంక మా ఇంటికి పంపకండి.”

జుట్టు ముగ్గుబుట్టలా నెరిసిన పాస్టరు కళ్లజోడు తీశాడు.

“ఏం తప్పు చేసిందమ్మా?”

“పిల్లను మచ్చిక చేసుకుంటోంది. చాకిరీ నాదీ, ముద్దుమురిపాలు ఆవిడవీనా? ఇంకో ఆర్నెల్లు పోతే మా ఇంట్లో నేను టైలర్ని, అంతే!”

“పోనీ, ఇంకొకరిని...”

“ఎవరూ వద్దు. నేను చచ్చానా ఏమిటి?”

పాస్టరు తలూపి కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు.

ఆ శనివారం పిల్ల రెండింటికే గడప మీద కూర్చుంది. ఐదయినా లేవలేదు.

“అమ్మమ్మ రాదా?”

“రాదు. నిన్ను మరిచిపోయింది.”

అబద్ధం తియ్యగానే ఉంది, ఆ ఒక్క పూటకి.

మూడో వారం పిల్లకు జ్వరం వచ్చింది. ఐదు రోజులు ఒక చేత్తో తడిబట్ట, మరో చేత్తో మిషను. ఆరో రోజు కుట్టుపని ఇచ్చే దుకాణదారు మూట తెచ్చి ఆమె ముందు విసిరాడు.

“ఇరవై చొక్కాలకూ కాలర్లు తిరగేసి కుట్టావు. నిద్రలో కుట్టావా?”

అతను మెట్లు దిగాడో లేదో, పిల్ల చేతిలోని పాలగ్లాసు జారి ఆ మూట మీదే పడింది.

పిన్ని చెయ్యి లేచింది. రెండేళ్లలో మొదటిసారి దెబ్బ పడింది.

“నిన్ను ఏ ఆశ్రమంలోనో పడేస్తే గాని నాకు తెరిపి లేదు!”

పిల్ల ఏడవలేదు. లోపలికి వెళ్లి, తన గౌన్లు రెండూ మడిచి సంచిలో పెట్టుకుంది.

పిన్ని అది చూసింది. సంచి లాగి పారేసి, పిల్లను భుజాన వేసుకుని చర్చికి పరుగెత్తింది. దారిలోనే పిల్ల నిద్రపోయింది.

“ఆవిణ్ణి పంపండి. కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాను.”

“ఆవిడ ఊరు వదిలి వెళ్లిపోయిందమ్మా. మరోచోట ఈ పని మొదలుపెట్టించాలట. ఇక ఇటు రానంది.”

“నా మీద కోపంతోనా?”

“కాదు. ‘ఆ అమ్మాయి తలుపు వెనకే నిలబడుతోంది, నేనుంటే నిద్రపోదు. నిద్ర పట్టించే మనిషిని పంపండి’ అంది.”

పిన్ని నిద్రపోతున్న పిల్లను భుజం మార్చుకుంది.

“అసలెవరండీ ఆవిడ? మీ చర్చి మనిషేనా?”

“కాదు. ఏనాడూ మాతో ప్రార్థనకు కూర్చోలేదు.” పాస్టరు చూపు నేల మీదికి దిగింది. “ముప్ఫై ఏళ్ల కిందట ఒక అమ్మాయి, చచ్చిపోయిన అక్క బిడ్డను చంకనేసుకుని వచ్చింది. ఎవరైనా మూడు గంటలు బిడ్డను చూస్తే కాస్త కన్ను మూస్తానంది. నేను ప్రార్థన చేసి, ఒక దుప్పటి ఇచ్చి పంపించేశాను.”

“తర్వాత?”

“నెల తిరక్కుండా ఆ బిడ్డను ఆశ్రమంలో వదిలేసి వచ్చి, ‘ఇకనైనా దుప్పట్లు కాదు, మనుషుల్ని పంపండి’ అని మాచేత ఈ శనివారాలు మొదలుపెట్టించిన ఆ పిన్నేనమ్మా, మీ ఇంటికి వచ్చిన ఆవిడ.”