తాళం పడ్డాక

“ఏటి సేసీసావమ్మా? పొద్దున్నించి ఒక్క ముక్క కనబడట్లేదు!” అంటూ విశ్వనాథ్ గదిలోకి వచ్చాడు.

వెబ్‌సైట్లు చేసిపెట్టే ఆశ్రిత లాప్‌టాప్ మీంచి తలెత్తింది. బొబ్బిలిలో ఆయన భార్య, ఆడవాళ్ల డాక్టరు జగదీశ్వరి ఆసుపత్రి వెబ్‌సైటుకి ఆశ్రితే ముందురోజు ఎన్‌క్రిప్షన్ తాళం వేసింది. హాల్లో కూర్చున్న రోగులు నోటితో చెప్పుకోలేనివి ఫోన్లో ఆ సైటులో రాస్తే, ఇక దారిలో ఎవరూ చదవలేరు. డాక్టరుకే చేరతాయి.

“సైటు బాగానే ఉంది సార్. మేడమ్‌కి అన్నీ వస్తన్నాయి.”

“ఆవిడకి కాదమ్మా, నాకు. మన వైఫైలోంచి పోయేవన్నీ నా కంప్యూటర్లో కనబడేవి. ఇప్పుడు అన్నీ పిచ్చి అక్షరాలే!”

పక్క బల్ల దగ్గర మందులు రాస్తున్న జగదీశ్వరి కలం ఆగింది.

“ఏటి కనబడేవండీ?”

“ఊరికే సూసేవోణ్ని. ఎవరికేటి జబ్బో, ఎవరి మొగుడెలాటోడో... కాలక్షేపం.”

ఆయన నవ్వాడు. మొన్న ఓ కోడలి గర్భస్రావం సంగతి అత్తవారింటికి ఎలా చేరిందో జగదీశ్వరికి అప్పుడర్థమైంది.

ఆయన భుజం మీద చెయ్యి వేయబోతే ఆమె కుర్చీతో సహా వెనక్కి జరిగింది.

“ముట్టుకోకు. రోత పుడతంది.”

లేచి హాలు తలుపు తీసింది.

“ఎక్కడికి? ఆళ్లకి సెప్పీస్తావా ఏటి? మన పరువు పోద్ది!”

ఆమె వెనక్కి చూడలేదు. ఫోన్లు పట్టుకుని కూర్చున్న ఆడవాళ్ల మధ్యకి వెళ్లి నిలబడింది.

“మీరు నాకొక్కదానికే అనుకుని రాసినవి,” అంది, “నా భర్త సదివాడమ్మా.”