కొమ్మలోంచి జవాబు

ఇవాళ పొద్దున కూడా జవాబిచ్చిన ఆడపురుగు చచ్చి చాలా రోజులైందని కోడలికి అప్పుడే తెలిసింది.

బాల్కనీలోని ముళ్ళమొక్క మొదట్లో పడి ఉంది. పట్టకారుతో ఎత్తితే ఉత్త డొల్ల. లోపలిదంతా చీమలు ఎప్పుడో ఖాళీ చేశాయి. వీపు మీది రెండు కొమ్ములు మాత్రం చెక్కుచెదరలేదు.

“ఏమైందే, అలా కూలబడ్డావ్?” వంటింట్లోంచి తొంగిచూసింది అత్తయ్య.

“ఇది చచ్చిపోయింది అత్తయ్యా. రికార్డింగులో మాత్రం పలుకుతూనే ఉంది.”

“నయం. ఈ ఇంట్లో బతికున్నవాళ్ళే పలకరు. మీ మామయ్యని భోజనానికి పిలిచి పిలిచి నా గొంతు పోయింది.”

మొక్క పక్కన కుర్చీలో ఉన్న మామయ్య హెడ్‌ఫోన్ తీసి, “పిలిచావా?” అన్నాడు. గడియారాలు బాగుచేసే పని మానేశాక ఆయనకి పొద్దుపోయేది ఇక్కడే.

ఈ పురుగుల మాట గాలిలో వినపడదు. వణుకులా కొమ్మ వెంట పాకుతుంది. కొమ్మకి తగిలించిన సెన్సర్ దాన్ని పట్టి హెడ్‌ఫోన్‌లో వినిపిస్తుంది. మగది సన్నగా గుర్రుమంటుంది. ఆడది టకటకమని బదులిస్తుంది. కోడలి పరిశోధనంతా ఆ సంభాషణే.

గైడ్‌కి ఫోన్ చేసింది.

“ఆ జంట కాక మూడోది, ఇంకో ఆడది ఉండి ఉంటుంది,” అందావిడ. “అచ్చం ముల్లులా ఉంటుంది కదా, నీ కంటికి ఆనలేదేమో. వెతుకు, సాయంత్రం వస్తాను.”

“దొరక్కపోతే మేడమ్?”

“సెన్సర్ ఇంకేదో పట్టుకుంటోందని అర్థం. మొదటి నుంచీ చేసిన రికార్డింగులన్నీ పక్కన పెట్టాల్సిందే. ఈ మధ్య జవాబులు ఎంత బాగున్నాయో తెలుసా? మగది పూర్తిగా చెప్పేదాకా ఆగి, అప్పుడు పలుకుతోంది. ఇంత ఓర్పున్న పురుగుని నేనెక్కడా చూళ్ళేదు.”

వెతుకులాట మొదలైంది. కోడలు మెత్తటి కుంచెతో ఒక్కో ముల్లునీ తట్టింది. మామయ్య పాత భూతద్దం కంటికి బిగించుకుని రెండో వైపు నుంచి వచ్చాడు.

“ముల్లు. ఇదీ ముల్లే. ఇదిగో, వీడు మనవాడు.”

మగపురుగు. ఎప్పుడూ పైకొమ్మ మీద ఉండేది, కుర్చీ వైపు వంగిన కొమ్మ కొసకి దిగి వచ్చి కూర్చుంది. చీమ ఒకటి మీసాలతో దాని వీపు నిమురుతోంది. తోక దగ్గర తేనెబొట్టు మెరిసింది. చీమ తాగేసి, మళ్ళీ కాపలాకి నిలబడింది.

“ఆ కొమ్ములు చూడమ్మా. నా జన్మంతా సన్నటి పనిముట్లతోనే గడిచింది. అంత వాడి కొన మాత్రం ఎక్కడా చూళ్ళేదు. వీపు మీద ఆ ముల్లు వెనక్కి ఎలా ఒరిగిందో! ఊరవతల పొదల్లో నలుగురి మధ్య ఉండాల్సినవాడు.”

“వాడి గొప్పలు తర్వాత మామయ్యా. మూడోది కావాలి.”

దొరకలేదు. ఆకులు తిరగేశారు, కుండీ మట్టి జల్లెడ పట్టారు. అత్తయ్య కూడా కళ్ళజోడు పెట్టుకుని వచ్చి, “దీనికంటే బియ్యంలో రాళ్ళేరడం నయం,” అని గొణుగుతూనే చివరిదాకా వెతికింది.

సాయంత్రం గైడ్ వచ్చింది. మొక్క చుట్టూ తనూ తిరిగి చూసింది.

“లేదమ్మా. మన్నించు. అన్నీ తీసేద్దాం.”

నెలల తరబడి చేసిన పని. కోడలు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఫైళ్ళన్నీ ఎంచుకుంది. వేలు మీట మీదికి వెళ్ళింది.

“ఆగమ్మా,” అన్నాడు మామయ్య. “పాతవి తీసేయకు. అవి నిజంగా ఆవిడ మాటలే.”

“మీకెలా తెలుసండీ?” అంది గైడ్.

“ఆవిడ పోయాక వాడు పిలుస్తూనే ఉంటే ఉండబట్టలేక, గోటితో కొమ్మ మీద బదులిచ్చింది నేనే.”